నాలుగేళ్లుగా ఒకే మనవి: విసుగక ప్రార్థించడం ఎలా?

ప్రశ్న సారాంశం: భర్త తాపీ పని చేస్తారు, శనివారం బట్వాడా, అంటే వారం కూలి చేతికొచ్చే రోజు. ఆయన తాగుడు మానాలని నాలుగేళ్లుగా ప్రార్థిస్తున్నారు. ఒకసారి అడిగాక మళ్లీ అడగడం అవిశ్వాసమని ఒకరన్నారు. 21 రోజులు ఉపవాసం పట్టమని ఇంకొకరు. మీకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరిస్తే కునుకు పడుతోంది. ఈమధ్య ప్రార్థన చేయాలన్న మనసే పోతోంది. ఏం చేయాలి?

అమ్మా, ముందు ఆ మొదటి మాట సంగతి తేలాలి. అది మనసులో ఉన్నంతకాలం మోకరించిన ప్రతిసారీ తప్పు చేస్తున్నానేమో అన్న భయం వెంటే ఉంటుంది. మళ్లీ మళ్లీ అడగడం అవిశ్వాసం కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువే మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మూడోసారి కూడా అవే మాటలు పలికాడని మత్తయి 26:44లో ఉంది. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి ముమ్మారు వేడుకున్నాడు. ఏలీయా సంగతి మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వాన కురిపిస్తానని దేవుడు అతనికి ముందే మాట ఇచ్చాడు (1 రాజులు 18:1). చేతిలో వాగ్దానం ఉండి కూడా కర్మెలు కొండమీద నేలకు వంగి, ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని ప్రార్థించాడు. సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ణి పంపితే ఏమీ లేదన్నాడు. మళ్లీ మళ్లీ పంపాడు. ఏడోసారికి మనిషి చెయ్యంత మబ్బు కనబడింది. వాగ్దానం ఉంది కాబట్టి ఇక అడగక్కర్లేదని ఏలీయా అనుకోలేదు.

"ఒక్కసారే అడగాలి" అనేవాళ్లు సాధారణంగా మార్కు 11:24 చూపిస్తారు, అడిగినవాటిని పొందామని నమ్మమన్న వచనం. ఆ వచనం దేవుణ్ణి నమ్మమంటోంది, అడగడం ఆపమనలేదు. దాని వెంటనే వచ్చే 25వ వచనం మీరు నిలబడి ప్రార్థించినప్పుడెల్లా ఎవరిమీదనైనా ఏదైనా ఉంటే క్షమించమంటుంది. అంటే ప్రార్థన మళ్లీ మళ్లీ జరిగేదే అన్న లెక్కలోనే ఆ మాటలున్నాయి. ఈ 25వ వచనం మీ విషయంలో చాలా ముఖ్యం, దానికి తర్వాత వస్తాను.

లూకా 18లోని విధవరాలి ఉపమానాన్ని మనవాళ్లు తరచూ తిరగేసి చెబుతారు: న్యాయాధిపతిని విసిగించి పని సాధించుకున్నట్టు దేవుణ్ణి కూడా విసిగించాలని. యేసు అక్కడ న్యాయాధిపతికీ దేవునికీ పోలిక పెట్టలేదు, తేడా చూపించాడు. దేవునికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని వాడే చివరికి న్యాయం చేస్తే, తాను ఏర్పరచుకున్నవాళ్లు రాత్రింబగళ్లు మొరపెడుతుంటే తండ్రి చేయడా అన్నది వాదన. లూకా 11లో అర్ధరాత్రి మూడు రొట్టెలు అడిగిన స్నేహితుడి కథా అంతే: మంచం దిగడానికి బద్ధకించే స్నేహితుడే లేచి ఇచ్చాడు, ఇక తండ్రి ఎంత ఇస్తాడు! కాబట్టి మీరు నాలుగేళ్లుగా తడుతున్నది మనసులేనివాడి తలుపు కాదు. ఇది తలకెక్కితే ప్రార్థనలో అరుపు తగ్గుతుంది, భారం కూడా తగ్గుతుంది. ఆ ఉపమానం ఆఖరున ప్రభువు ఒక ప్రశ్న వేశాడు: మనుష్యకుమారుడు వచ్చినప్పుడు భూమిమీద విశ్వాసం కనబడుతుందా అని. దీన్ని చదవకుండా వదిలేస్తుంటాం. అడిగినదంతా ఫలానా గడువులో దొరుకుతుందని ఆ ఉపమానం చెప్పడం లేదు. ఆలస్యమైనా నువ్వు నన్ను నమ్ముతూ ఉంటావా అని అడుగుతోంది.

మరి మత్తయి 6:7లో వ్యర్థమైన మాటలు వచింపవద్దన్నాడు కదా అనొచ్చు. అక్కడ తప్పుపట్టింది ఎక్కువ మాటలవల్ల వినబడుతుందనే నమ్మకాన్ని. కర్మెలు మీదే చూడండి: బయలు ప్రవక్తలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒకే కేక వేశారు. ఏలీయా ప్రార్థన రెండు వచనాల్లో అయిపోయింది. ప్రభువు నేర్పిన ప్రార్థనను నెమ్మదిగా చెప్పినా నిమిషం పట్టదు. అయితే అందులో అడిగింది ఏనాటి ఆహారం ఆనాటికి, అంటే రేపు మళ్లీ రావాలి. ప్రార్థన చిన్నది, రావడం రోజూ. మీరు పట్టుకోవాల్సిన కొలత ఇదే.

ఇప్పుడు ఆచరణ. నాలుగేళ్లు మోసినదాన్ని ఇంకా ఎన్నేళ్లు మోయాలో తెలియనప్పుడు, మొదట చేయాల్సింది దాన్ని మోయగలిగినంతకు తగ్గించడం. రోజుకు గంట అనుకుని వారంలో మూడు రోజులు తప్పి, నాలుగో రోజు అపరాధభావంతో కూర్చునేకంటే 15 నిమిషాలు రోజూ నిలబడుతుంది. నాలుగింటికే లేవాలన్న ఆజ్ఞ బైబిల్లో ఎక్కడా లేదు. యేసు పెందలకడనే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లాడని మార్కు 1:35లో ఉంది, కొండమీద రాత్రంతా గడిపాడని లూకా 6:12లో ఉంది. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. రాత్రి పన్నెండింటి దాకా భర్త కోసం ఎదురుచూసి, నాలుగింటికి లేస్తే ఎవరికైనా కునుకు పడుతుంది. అది భక్తి లోపం కాదు, నిద్ర లోపం. పిల్లలు బడికెళ్లాక పది గంటలకు కూర్చోండి. మంచానికి ఆనుకుని, తల చేతుల్లో పెట్టుకుని మోకరిస్తే ఐదు నిమిషాల్లో నిద్ర వస్తుంది. నిలబడండి, వరండాలో నడవండి, గొంతు తగ్గించి పైకి పలకండి. పెదవి కదిలితే మనసు తిరుగుడు తగ్గుతుంది. హన్నా అలాగే పెదవులు కదిపి ప్రార్థించింది. ఫోను వేరే గదిలో ఉండాలి. బైబిలు ఫోన్లోనే చదివేవాళ్లు ఆ 15 నిమిషాలకు అచ్చు పుస్తకం వాడితే మేలు.

ఆ 15 నిమిషాలు ఇలా సాగొచ్చు. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఒక కీర్తన పైకి చదవండి, మీ మాటల్తో మొదలుపెట్టొద్దు. 13, 27, 42, 62, 130 మీలాంటి ఎదురుచూపు కోసమే ఉన్నట్టుంటాయి. తర్వాత ఒకటి రెండు నిమిషాలు నిన్నటి మేళ్లు పేరుపేరునా చెప్పుకోవడం. తర్వాత మీ ఒప్పుకోలు. తర్వాత మనవి, ఐదు నిమిషాలు చాలు. ఆఖరున రెండు నిమిషాలు ఏమీ అడగకుండా ఊరికే కూర్చోవడం. చాలామంది మనవితో మొదలుపెట్టి మనవితోనే ముగిస్తారు. అందుకే లేచేసరికి సమస్య కూర్చున్నప్పటికంటే పెద్దదై కనబడుతుంది.

మనవిని పలికే తీరు కూడా మారాలి. "ప్రభువా, నా భర్తను మార్చు" అని నాలుగేళ్లు అంటే ఆ మాట నోటికి అలవాటై మనసుకు తగలదు. పెద్ద మనవిని అలాగే ఉంచి, ఈరోజుకు సరిపడే ముక్క తీసి అడగండి. శనివారం నాటి ప్రార్థన ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, ఈరోజు బట్వాడా. ఆరింటికి ఆయన పని దిగి నడిచే దారిలో నీవు తోడుండు. రోజూ పిలిచే ఆ స్నేహితుణ్ణి కూడా జ్ఞాపకం చేసుకో, అతనికీ ఇల్లుంది. నిన్న రాత్రి నేనన్న మాటకు నన్ను క్షమించు. ఆయన ఏ స్థితిలో వచ్చినా నా నోటికి కావలి ఉంచు. పిల్లలు భయం లేకుండా నిద్రపోవాలి. రేపు మందిరంలో ఎవరైనా అడిగితే సిగ్గుతో అబద్ధం చెప్పే పని రాకుండా చెయ్యి. ఆయన్ని విడిపించు తండ్రీ. నువ్వే విడిపించగలవు."

ఒక సాదా నోటుబుక్కు పెట్టుకుని పేజీకి ఒక విషయం రాయండి: తేదీ, అడిగింది ఒక వాక్యంలో, ఆరోజు చదివిన వచనం. కుడిపక్క సగం ఖాళీగా వదలండి. నెలకోసారి, మొదటి ఆదివారం సాయంత్రమైతే గుర్తుంటుంది, వెనక్కి చదివి ఏం జరిగిందో ఆ ఖాళీలో రాయండి. పెద్ద మనవి దగ్గర ఇంకా ఏమీ ఉండకపోవచ్చు. కానీ పెద్దవాడి పరీక్ష ఫీజు, బట్వాడాలో సగం ఇంటికి చేరిన వారం, గొడవ లేకుండా గడిచిన పండుగ, ఇవన్నీ రాయకపోతే పదిరోజుల్లో మరిచిపోతాం. జవాబే రాలేదని మనం అనేదాంట్లో చాలాభాగం మన మరుపు. ఈ పుస్తకం ఆయన చేతికి దొరికే చోట పెట్టవద్దు, నేరాల చిట్టాగా కూడా రాయవద్దు.

ఇక ఉపవాసం. దానియేలు 10వ అధ్యాయం తెరిచి చూడండి. అతను చేసింది ఏమీ తినకుండా ఉండడం కాదు. రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మాని మూడు వారాలు దుఃఖంలో ఉన్నాడు. 21 రోజులు పడితే జవాబు వస్తుందన్న లెక్కతో మొదలుపెట్టినట్టు కూడా అక్కడ లేదు. ప్రార్థించిన మొదటి దినమే నీ మాటలు వినబడ్డాయని దూత చెప్పాడు, ఆలస్యానికి కారణం వేరే చెప్పాడు. ఆ 21ని సూత్రంగా మార్చింది మనమే. షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడుతూ పస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది: చెమట, వణుకు, తికమక, స్పృహ తప్పడం. 70 కంటే దిగితే ఉపవాసం అక్కడితో ఆపి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని వెంటనే తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. డాక్టరును అడగకుండా మాత్ర మానవద్దు, భోజనమూ మానవద్దు. మీకు తగిన ఉపవాసం దానియేలుదే: వారంలో ఒకరోజు వేళకు సాదా తిండి తిని, కూర రుచి, టీవీ, ఫోను మాని, ఆ సమయం ప్రార్థనకు ఇవ్వండి. మిగిలిన డబ్బు ఆకలిగా ఉన్నవాళ్లకు ఇవ్వడం యెషయా 58 చెప్పిన ఉపవాసం.

ఇలాంటి దీర్ఘకాల ప్రార్థనలు ఎక్కడ చెడతాయో చెబుతాను. అన్నిటికంటే ఎక్కువగా చెడేది కుటుంబ ప్రార్థనలో. భర్త పక్కన కూర్చుని ఉండగా "ఈ ఇంట్లోని తాగుబోతుతనాన్ని తీసివేయి ప్రభువా" అని గట్టిగా ప్రార్థించడం దేవునితో మాట్లాడినట్టు కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఆయన్ని తిట్టినట్టు. అది ఆయనకు అర్థమవుతుంది, మర్నాటి నుంచి ప్రార్థనకు కూర్చోరు. వాక్యానికి అవిధేయులైన భర్తలను మాట లేకుండానే భార్యల ప్రవర్తన రాబడుతుందని 1 పేతురు 3:1 చెబుతోంది. ఆయన ముందు ఆయన ఆరోగ్యం కోసం, చేసే పని కోసం కృతజ్ఞతతో ప్రార్థించండి. తాగుడు సంగతి ఒంటరిగా ఉన్నప్పుడు. అలాగే ప్రతి కూడికలో ప్రార్థన విన్నపంగా ఆయన పేరు చెప్పొద్దు. నలభైమందికి తెలిస్తే, మారాక కూడా ఆ మందిరం గడప తొక్కడానికి ఆయనకు ముఖం చెల్లదు.

రెండోది, మార్కు 11:25 దగ్గరికి వస్తున్నాను, పగతో ప్రార్థించడం. నాలుగేళ్ల దెబ్బలు, అప్పులు, అవమానాలు మనసులో పేరుకున్నాక "మార్చు" అన్న ప్రార్థన మెల్లగా "శిక్షించు" అయిపోతుంది. ఆ కోపాన్ని దాచొద్దు, 109వ కీర్తనలాగా దేవునికే చెప్పండి. ఆయన దగ్గర దించేసిన కోపం వంటగదిలోకి రాదు. క్షమించడమంటే కొట్టించుకుంటూ ఉండడం అని ఎవరైనా చెబితే వినవద్దు.

మూడోది, నీ విశ్వాసం చాలలేదు అందుకే జవాబు రాలేదు అనేవాళ్లు, విత్తన కానుక (జవాబు కోసం విత్తనంలా వేయమనే డబ్బు) వేస్తే ఈ నెలలోనే జరుగుతుందనేవాళ్లు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రి కొడుకుని యేసు వెనక్కి పంపలేదు, బాగుచేశాడు. దేవుని వరాన్ని డబ్బుతో కొనాలనుకున్న సీమోనును పేతురు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 8లో ఉంది. సాక్ష్యాల సమయంలో మైకు ముందుకొచ్చేది జవాబు పొందినవాళ్లే. ఎదురుచూస్తున్నవాళ్లు వెనక బల్లల్లో మౌనంగా కూర్చుంటారు. వాళ్లే ఎక్కువమంది. మీరొక్కరే మిగిలిపోయారని అనుకోవద్దు.

ప్రార్థిస్తూ చేతులు కట్టుకుని కూర్చోమని కూడా వాక్యం చెప్పలేదు. నెహెమ్యా కిస్లేవు నెలలో యెరూషలేము గోడ పడిపోయి ఉందన్న వార్త విని ప్రార్థన మొదలుపెట్టాడు, నీసానులో రాజు ముందు నోరు తెరిచాడు. సుమారు నాలుగు నెలలు. గోడ కట్టేటప్పుడు ప్రార్థన చేసి కాపలా కూడా పెట్టాడు (4:9). మీ కాపలా ఇవి. తాగుడు వ్యసనానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 14446. ఆయన ఒప్పుకోకపోయినా మీరు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. కొడితే మహిళల సహాయ నంబరు 181, ప్రాణం మీదికొస్తే అత్యవసర నంబరు 112. పిల్లల్ని తీసుకుని సురక్షితమైన చోటికి వెళ్లడం విశ్వాసానికి విరుద్ధం కాదు. దావీదు కూడా సౌలు ఈటెకు దొరక్కుండా పారిపోయాడు.

ఒకటి మాత్రం తప్పక గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు కూడికలో ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం ఉంటుంది. ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడతాయి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎవరో పిలుస్తున్నారంటాడు, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టడు. ఇది చూసి దయ్యం పట్టిందని కట్టేసి ప్రార్థన చేస్తూ కూర్చుంటే మనిషి చేజారిపోతాడు. అది మద్యం ఆగినందువల్ల మెదడులో వచ్చే మార్పు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ప్రార్థన దారిలో చేయొచ్చు. ఆయన మానాలనుకుంటే ముందే డాక్టరు దగ్గరికెళ్తే కొద్దిరోజులు మందులిచ్చి క్షేమంగా దాటిస్తారు. తెలియకుండా కూరలో కలిపే మాన్పుడు పొడులు కొనవద్దు. వాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే మందు) ఉంటే, దానిమీద తాగితే గుండెమీదికి రావొచ్చు.

దేవుడు వద్దంటే ఎలా తెలుస్తుంది? మోషే కనాను చూడాలని వేడుకుంటే, ఇక ఈ సంగతి నాతో మాట్లాడవద్దన్నాడు. పౌలుకు "నా కృప నీకు చాలును" అన్నాడు. ఇద్దరికీ ఆయనే స్పష్టంగా చెప్పాడు. అలాంటి మాట లేనప్పుడు ఆలస్యాన్ని నిరాకరణగా లెక్కేయకండి. ఒకరు వ్యసనం నుంచి బయటపడాలన్న మనవి దేవుని మనసుకు విరుద్ధం కాదు కాబట్టి, మీ భర్త బతికున్నంతకాలం అడగొచ్చు. కానీ దానికి దారి మీరు గీసి ఇవ్వకండి. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో మోనికా అనే తల్లి ఇలాంటిదే చూసింది. భర్త పత్రికియస్ కోపిష్ఠి, పరస్త్రీ వ్యామోహం ఉన్నవాడు. చనిపోవడానికి కొద్దికాలం ముందు మాత్రమే క్రైస్తవుడయ్యాడు. కొడుకు అగస్టీను దారి తప్పాడు. 383లో అతను రోముకు ఓడెక్కకూడదని ఆమె రాత్రంతా ప్రార్థిస్తుంటే, ఆమెకు తెలియకుండా ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మనవి తోసివేయబడినట్టే. కానీ ఆ ప్రయాణమే అతన్ని మిలానుకు, అక్కడి బిషప్ అంబ్రోసు దగ్గరికి చేర్చింది. 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది ఓస్తియాలో మోనికా కన్నుమూసింది.

మన నేలమీద ఒంగోలు ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఫలితం లేదని ఆ తెలుగు మిషన్‌ను మూసేయాలన్న చర్చ అమెరికాలో నడుస్తున్న కాలమది. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. మధ్యలో 12 ఏళ్లు. 1878 జూలై 3న, కరువు వెన్నంటి, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మందిరాల్లో ఆ 2,222 గురించే ఎక్కువ చెబుతారు. ఐదుగురు ఒక్క స్పష్టమైన మనవితో కొండెక్కడం, ఆ తర్వాత 12 ఏళ్లు ఒంగోలు ఖాళీగా ఉండడం, నాకు మీ నాలుగేళ్లకు దగ్గరగా కనబడుతుంది.

మనసే పోతోందన్నారు. అలాంటి రోజుల్లో సొంతమాటలు వెతకొద్దు. ప్రభువు ప్రార్థన ఒకసారి, ఒక కీర్తన, చాలు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అదీ బైబిల్లోనే ఉంది. ఉచ్చరింపశక్యంకాని మూలుగులతో ఆత్మ మనకోసం విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెప్పింది ఇలాంటివాళ్లకే. సంఘంలో నోరు జారని ఒక పెద్దావిడను చూసుకుని వారానికోసారి ఇరవై నిమిషాలు కలిసి ప్రార్థించండి, ఫోనులోనైనా సరే. ఆరోజు మీకు మాట రాకపోతే ఆవిడ ప్రార్థిస్తుంది, మీరు ఆమేన్ అంటే చాలు. నిద్ర, తిండి, పిల్లలమీద ధ్యాస కూడా రెండు వారాలకు మించి పోయివుంటే, చావాలన్న తలంపు వస్తే ఒక్కసారైనా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు.

ఆయన మానేస్తే ప్రార్థన ఆపవద్దు. మొదటి ఏడాదిలో మళ్లీ జారడం మామూలే. ఒకసారి జారితే జవాబు రద్దయిందని అనుకోకుండా, మర్నాడు ఉదయం పుస్తకంలో తేదీ వేసి మళ్లీ అడగండి, డాక్టరుకూ చెప్పండి. ఊళ్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడిక, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే కూడిక, ఉంటే ఆయన్ని పంపండి. కుటుంబాల కోసం ఆల్-అనాన్ అనే కూడికలు వేరే ఉంటాయి, వాటికి మీరు వెళ్లండి. ఆయన వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు.